వెన్న కాగుతుండగా పడిన తాళం

మా లైన్‌లో ఇప్పుడు చెప్పుకుంటున్న కథ ఏమిటంటే, దయ్యం నన్ను సామాన్ల గదిలోకి తోసి తాళం పెట్టిందట. పక్కింటి మార్తమ్మక్క ఈ కథను ప్రార్థన కూటం నుంచి కూరగాయల బండి దాకా మోసింది. అబద్ధం. తాళం వేసుకున్నది నేను. నా చేత్తో, లోపలి నుంచి, పట్టపగలు, ఒక మనిషి మీద పంతంతో. అంత తెలివితక్కువ పని ఏ దయ్యమూ చెయ్యదు.

దయ్యాలను నేను నమ్మను. చదివింది డిగ్రీ, అందులో కెమిస్ట్రీ. మా సారపాకలో గోదావరి పొంగిన ప్రతిసారీ ఎవరో ఒకరు నీళ్ల మీద దీపం నడిచిందంటారు. ఎవరిదో టార్చిలైటు అయి ఉంటుందని చెప్పి వాళ్ల ముచ్చట పాడుచేసే రకం నేను. ఇప్పుడు కూడా ఎవరినీ నమ్మమని అడగడం లేదు. జరగనిది అందరూ చెబుతున్నారు కాబట్టి, జరిగింది రాసిపెడుతున్నాను.

నేను పాత వస్తువులు ఆన్‌లైన్లో అమ్ముతాను. ఇత్తడి తాళాలు, మరచెంబులు, ఎనామిల్ పళ్లేలు. జూలూరుపాడు వైపు పాత ఇల్లు కూలగొట్టినప్పుడల్లా తుక్కు దుకాణానికి వచ్చే సామానులోంచి ఏరుకొస్తాను. చింతపండు పెట్టి తోమాలని చెయ్యి దురదపెడుతుంది గానీ తోమను. నలుపు పోతే కొనేవాళ్లకు మోజు పోతుంది.

కొనేవాళ్ల మర్యాద గురించి చెప్పాలంటే ఇంకో పుస్తకం రాయాలి. నమస్కారం ఉండదు, "లాస్ట్ ఎంత" అని ఉంటుంది. "ఇసొంటివి మా తాత కాడ గంపెడు ఉన్నయ్" అంటాడు ఒకడు. అయితే మీ తాతనే అడుగు అంటాను. "మీ సార్‌కి ఫోన్ ఇయ్యండి" అంటాడు ఇంకొకడు. మా సార్‌కి మరచెంబుకూ పూలకుండీకీ తేడా తెలియదు, అదీ చెబుతాను. వస్తువు నిజంగా మన దగ్గరే ఉందని నమ్మించడానికి ఆ రోజు పేపరు పక్కన పెట్టి వీడియో తీసి పంపాలి. పంపితే, పేపరు నిన్నటిదంటాడు.

తాళం పడిన రోజు ముసురు. మా ఆయన మిల్లులో పగటి డ్యూటీకి వెళ్లాడు. డ్యూటీలో ఉంటే ఫోను ముట్టుకోడు. ముందు తలుపూ వెనక తలుపూ గడియ పెట్టి, చిన్న మంట మీద వెన్న కాగబెట్టాను. అది కాగేలోపు కొన్ని ఫొటోలు తీద్దామని సామాన్ల గదిలోకి వెళ్లాను. ఫొటోలకు నల్లగుడ్డ పరిచేది అక్కడే.

అప్పుడు ఒక కొత్త మనిషి మెసేజ్ పెట్టాడు. పేరు లేదు, ఫొటో లేదు. మిగతావాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. ఇతను తెలుగు అక్షరాల్లోనే రాశాడు. అడిగింది జూలూరుపాడు నుంచి తెచ్చిన పెద్ద ఇత్తడి తాళం గురించి.

"ఆ తాళం నీకు పనిచెయ్యదు."

పనిచేస్తుందని, తాళంచెవి కూడా ఫొటోలో ఉందని రాశాను.

"చెవి ఉంటె అయిపాయెనా? వేసుడు తీసుడు వచ్చా నీకు?"

నన్ను 'నువ్వు' అనవద్దని, నేను మీ ఇంట్లో పనిమనిషిని కానని రాశాను.

"ఇంట్ల పని చేసేటోళ్లకైతే వచ్చు. నీకే రాదు."

ఇక నా సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇప్పుడే వేసి చూపిస్తా, చూసి నోరు మూసుకోండి అన్నాను. దానికి వచ్చిన జవాబు ఇది:

"చేతిల పట్టుకొని వేస్తె వెయ్యి. తలుపుకు మాత్రం పెట్టకు."

పెట్టకు అన్నాడు కాబట్టే పెట్టాను. ఆ తాళం కొక్కెం లావు. మా ఇంట్లో లావు గొళ్లెం ఉన్నది ఆ గది తలుపుకు లోపలి వైపు ఒక్కటే. తలుపు మూసి, గొళ్లెం వేసి, పేపరు పక్కన ఆనించి, వీడియో తీస్తూ తాళం నొక్కాను. ఠక్కున పడింది. గుంజి చూపించాను. "చూశారా, లక్షణంగా పడింది" అని ఫోనుకు చెప్పాను. తర్వాత చెవి పెట్టి తిప్పాను.

తిరగలేదు.

కుడికి, ఎడమకు, పైటకొంగు చుట్టి, రెండు చేతులతో. గోడలో గుచ్చినట్టు ఉంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది, దానితో వైఫై పోయింది. ఆ గదిలో ఫోను సిగ్నల్ ఏనాడూ ఉండదు. గోడకు పైన ఉన్నది కిటికీ కాదు, అరచేయి పట్టే గాలిరంధ్రం. అరిచాను. రేకుల మీద వాన శబ్దానికి నా గొంతు నాకే వినపడలేదు. మార్తమ్మక్క భద్రాచలంలో పెళ్లికి వెళ్లిందని అప్పుడు గుర్తొచ్చింది.

వెన్న వాసన తలుపు కింద నుంచి వస్తోంది. ఇంకా కమ్మని వాసనే. కానీ వెన్న కాచిన ఆడవాళ్లకు తెలుసు, ఆ కమ్మదనానికీ మాడు వాసనకూ మధ్య ఉన్నది కాసేపే. మాడిన నెయ్యి అంటుకుంటుంది. పొయ్యి పక్కనే సిలిండరు. దాని పక్కన ప్లాస్టిక్ డబ్బాల అర. నేనున్నది దారి లేని గదిలో.

తలుపును భుజంతో గుద్దాను. పాతకాలపు టేకు తలుపు, కదలలేదు. మా ఆయనకు మెసేజ్ పెట్టాను, వెళ్లలేదు. మార్తమ్మక్కకు పెట్టాను, వెళ్లలేదు.

ఫోనులో మెసేజ్ టింగుమంది.

"పడ్డదా?"

సిగ్నల్ గీతలు చూశాను. ఒక్కటి కూడా లేదు. అయినా ఆ స్థితిలో నేను చేసిన పని పోట్లాట. మీ నోటి దురుసు వల్లే ఇదంతా అని రాశాను. నా మాట పక్కన గడియారం గుర్తు అలాగే ఉంది. అంటే అది వెళ్లలేదు. జవాబు మాత్రం వచ్చింది.

"నా నోరు సంగతి తర్వాత. పొయ్యి మీద వెన్న ఉన్నదని చెప్పవేంది?"

మెసేజ్‌లన్నీ పైనుంచి మళ్లీ చదివాను. వెన్న సంగతి నేనెక్కడా రాయలేదు. వీడియోలో అనలేదు. అసలు ఆ వీడియో పంపనే లేదు. ఎవరు మీరు అని రాశాను.

"ఆగు."

అంతే. ఆగాను. ఆ గదిలో, నా అరల నిండా ఉన్న ఎవరెవరి ఇళ్లవో చెంబులు, పళ్లేలు, అద్దాలు నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. అది భయం పుట్టించే ఊహ అని నాకూ తెలుసు. కానీ వాసన ఊహ కాదు. అది ముదిరింది, మాడబోయే చోటు దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది.

"కట్టేసిన. ఇగ తొందరపడకు. తొందరపడెటోళ్లకు అది రాదు. చెవి సగం తిప్పి ఆగు. కొక్కేన్ని కిందికి అదిమి పట్టు. అప్పుడు మిగిలిన సగం తిప్పు. బుద్ధిగ చెయ్యి."

జీవితంలో మొదటిసారి ఎదురు మాట్లాడకుండా ఒకరు చెప్పింది చేశాను. సగం తిప్పి, ఆగి, అదిమి, తిప్పాను. వెన్నలో వేలు దిగినట్టు తిరిగింది.

వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి దానంతట అది ఆరలేదు, నాబ్ తిప్పి కట్టేసి ఉంది. ముందు తలుపు గడియ పెట్టే ఉంది, వెనక తలుపూ అంతే. రెండూ తర్వాత నా చేత్తో తీశాను. గిన్నెలో నెయ్యి బంగారు రంగులో ఉంది. నిజం చెబుతున్నాను, అంత బాగా నేనెప్పుడూ కాచలేదు.

నెయ్యిలో ఒక తమలపాకు తేలుతోంది, కరకరలాడేలా వేగి.

దించే ముందు నెయ్యిలో ఆకు వేయడం మా వైపు అలవాటే. కానీ నేను వేసేది కరివేపాకు. తమలపాకు వేసేది పాతకాలం ఆడవాళ్లు. మా ఇంట్లో ఎవరూ ఆకు వక్క నమలరు. తమలపాకు తీగ లేదు. ఆ వారంలో నోము లేదు, పేరంటం లేదు.

సాయంత్రం మా ఆయన అంతా విని, నెమ్మదిగా అన్నాడు. "నువ్వే కట్టేసి మర్చిపోయినవ్. కంగారుల యాదికుండది."

"తమలపాకు కూడా నేనే వేసి మర్చిపోయిన్నా?"

"ఏమో. నీకు కొట్లాట మొదలైతే ఒళ్లు తెలుస్తదా?"

"మరి మెసేజ్‌లు?"

"సిగ్నల్ వస్తది, పోతది. వానల గట్లనే ఉంటది."

వాటిని చూపించాను. చదివాడు, మళ్లీ చదివాడు. గిన్నె మీద మూత పెట్టి వచ్చాడు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన మార్తమ్మక్క మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకుండానే, "దేవుని దూతనే వచ్చింది చెల్లె" అంది. దేవుని దూత నన్ను 'నీకు రాదు' అని తిడుతుందా అని అడిగితే, "నిన్ను చూస్తె ఎవరైన తిడ్తరు" అంది. దూత మరుసటి ఆదివారానికి దయ్యం ఎట్లా అయిందో ఆమెనే అడగాలి.

కరెంటు వచ్చాక ఆ మనిషికి రాశాను. తాళం మీకు ఊరికే పంపిస్తాను, అడ్రసు ఇవ్వండి అని. ఇన్నేళ్ల అమ్మకంలో ఆ మాట ఇంకెవరికీ అనలేదు. ఒక టిక్కు దగ్గరే ఆగిపోయింది, ఇవాళ్టికీ అక్కడే ఉంది. తుక్కు దుకాణం అతన్ని కూడా అడిగాను. పాత ఇంటి సామాను, కూలోళ్లు లారీలో తెచ్చి పడేశారు, ఎవరిల్లో తెలియదన్నాడు.

తాళం ఇప్పుడు అమ్మకంలో లేదు. దాన్ని ఏ తలుపుకూ వేయలేదు.

ఇంతసేపూ 'అతను' అని రాస్తూ వచ్చాను. కొట్లాడేటప్పుడు అవతల మగవాడే ఉన్నాడనుకున్నాను, అడగలేదు. ఆ నెయ్యి రంగు చూశాక ఆ మాట మీద కూడా పందెం కాయలేను. నెయ్యి మేము తినలేదు. పారబోయడానికీ చెయ్యి రాలేదు. సీసాలో పోసి అరలో పెట్టాను, ఆకుతో సహా.

దయ్యమనేవాళ్లతో, దూత అనేవాళ్లతో, సిగ్నల్ అనేవాళ్లతో నాకిప్పుడు పేచీ లేదు. ఎవరి మాటైనా వింటాను. కాకపోతే మూసిన ఇంట్లోకి ఆ తమలపాకు ఎక్కడి నుంచి వచ్చింది?