ఊరంతా ఒకే తీగ మీద

ఆమెను అందరూ అతుకులక్క అనేవారు. ఫైబర్ తీగ ఎక్కడ తెగినా వెళ్ళి అతికేది ఆమే మరి. వెంట్రుకంత సన్నని గాజు తీగ అది. పైపొర ఒలిచి, తుడిచి, కొస నున్నగా కోసి, రెండు కొసలనూ ఎదురెదురుగా యంత్రంలో పెడితే చిన్న మెరుపు మెరిసి, గాజు కరిగి రెండూ ఒకటవుతాయి. చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యి వణికినా, కంటికానని నలుసు ఒకటి పడినా అతుకు పాడవుతుంది. అతుకులక్క చేతికి వణుకంటే ఏమిటో తెలియదని పనివాళ్ళ మేస్త్రీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆమె భర్తదీ అదే పని, కాకపోతే రెండో కొసన. ఆమె గోతిలో కూర్చుని అతుకుతుంటే, ఆయన టెలిఫోను ఎక్స్‌ఛేంజీ గదిలో మీటరు ముందు కూర్చుని వెలుగు ఎంత వస్తోందో, దారిలో ఎంత పోతోందో చూసి చెప్పేవాడు. ఇద్దరి దగ్గరా చెవులకు తగిలించుకునే మాటల పెట్టెలుండేవి. ఇలాంటి తీగలు గుత్తిగా ఉండే కేబుల్లో ఖాళీగా ఉన్న ఏదో ఒక తీగకు వాటిని కలిపితే, గొంతు కూడా వెలుగైపోయి అటునుంచి ఇటు వచ్చేది. పెళ్ళికి ముందు వాళ్ళ పరిచయమంతా ఆ పెట్టెల్లోనే నడిచింది. ఒకరి ముఖం ఒకరు సరిగా చూడకముందే ఒకరి దగ్గు ఒకరికి గుర్తుండిపోయింది. పెళ్ళయ్యాక కూడా పనిలో ఉన్నంతసేపూ ఆయన అలవాటు కొద్దీ "కానియ్ అక్కా" అనేసేవాడు.

"కట్టుకున్న పెళ్ళాన్ని పట్టుకుని అక్కా అంటావేంట్రా, నీకేమైనా మతుందా?" అని మేస్త్రీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు.

వాళ్ళకో కూతురు. తెల్లారి లేచింది మొదలు కిచకిచలాడుతూనే ఉండేది కాబట్టి పిచ్చుక అని పిలుచుకునేవారు. పిల్లకు ఉబ్బసం. మంచు పడినా, దుమ్ము లేచినా ఎగశ్వాస వచ్చేది. పీల్చే మందు బడి సంచిలో ఒకటి, ఇంట్లో ఒకటి, పక్కింటి పిన్ని దగ్గర ఒకటి ఉంచేవారు. ఆ పిన్ని చుట్టమేమీ కాదు. బడి వదిలాక తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్లను చూసుకునేది. అలా చూసుకుంటూనే సొంత పిన్ని కన్నా ఎక్కువైపోయింది.

పిచ్చుక బడిలో చేరిన ఏడాదే ఎక్స్‌ఛేంజీకి కొత్త సామాను వచ్చింది. అంతకుముందు ఒక తీగకు ఒకే వెలుగు. బ్యాంకు మాటలొక తీగలో, ఆసుపత్రివి ఇంకొక తీగలో, ఫోన్లవి మరొకదానిలో పోయేవి. ఇప్పుడు ఒకే తీగలో రకరకాల వెలుగులు ఒకేసారి పంపడం మొదలుపెట్టారు. ఒక్కో వెలుగుకు తరంగం పొడవు వేరు. రంగు వేరనుకోవచ్చు, కాకపోతే ఆ రంగులు మన కంటికి ఆనవు. ఈ కొసన అన్నిటినీ కలిపి పంపిస్తారు, ఆ కొసన మళ్ళీ దేనికది విడదీసుకుంటారు.

ఆ సంగతి అన్నం తినేటప్పుడు చెబితే పిచ్చుక నమ్మలేదు.

"అన్ని రంగులూ కలిపితే మట్టిరంగైపోతుందమ్మా. నా బొమ్మ అలాగే పాడైపోయింది."

"అవి నీళ్ళ రంగులే తల్లీ. ఇవి వెలుగులు. మనం ముగ్గురం ఒకేసారి మాట్లాడినా ఎవరి గొంతు ఎవరిదో తెలుస్తుంది కదా, అలాగన్నమాట."

"మనింట్లో నా గొంతొక్కటేగా వినపడేది," అంది పిల్ల. తండ్రికి పొలమారింది.

కొత్త సామాను పెట్టించిన ఇంజనీరు మంచి పనివాడు, ముక్కుసూటి మనిషి. వీళ్ళిద్దరినీ కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పాడు. ఇన్ని వెలుగులు అంత దూరం చెదరకుండా పోవాలంటే ప్రతి అతుకూ మునుపటికన్నా శుభ్రంగా ఉండాలి. ఒకప్పుడు చాల్లే అనుకున్న అతుకు ఇకమీదట చాలదు. ఇంకొక సంగతి కూడా చెప్పాడు. ఊరికి ఉన్నది ఒకటే కేబుల్. అది తెగితే ఊళ్ళో మాటన్నదే ఉండదు. సెల్‌ఫోన్ స్తంభాలు కూడా దాని మీదే ఆధారపడ్డాయి. వేరే వైపునుంచి రెండో దారి వేయించమని పైవాళ్ళకు రాస్తూనే ఉన్నాడాయన. వచ్చే ఏడాది చూద్దామని వాళ్ళూ అంటూనే ఉన్నారు.

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నీళ్ళ గొట్టం కోసం రోడ్డు తవ్వుతున్న యంత్రం ఆ కేబుల్‌ను పళ్ళతో పట్టి పైకి లాగింది. క్షణంలో ఊరు మూగబోయింది. బ్యాంకులో వరుస నిలిచిపోయింది, ఫోను చెవిన పెట్టుకున్నవాళ్ళు దాన్ని అటూఇటూ తిప్పి చూసుకున్నారు. అతుకులక్క సామాన్ల సంచి బండిలో పడేసుకుని గోతి దగ్గరికి వచ్చింది. ఆయన ఎక్స్‌ఛేంజీలో కూర్చున్నాడు. ఖాళీ తీగ ఒకటి పట్టుకుని మాటల పెట్టె కలుపుకున్నారు.

పాడైన ముక్క కోసేసి, కొత్త ముక్క వేసి, అన్నిటికన్నా ముందు ఊరి మాటలన్నీ మోసే తీగను అతికింది.

"వెలుగొస్తోంది," అన్నాడాయన. "కానీ దారిలో నష్టం ఎక్కువుంది."

"మరీ ఎక్కువా?"

"పాత రోజులైతే చాలనేవాణ్ణి. ఇప్పుడు చాలదు. తెంపి మళ్ళీ చెయ్యి."

"ఒకసారి తగిలించి చూడకూడదా? ఊరంతా కాచుకుని కూర్చుంది."

"ఇప్పుడు తగిలిస్తే ఇంకాసేపటికి మళ్ళీ పడిపోతుంది. తిరిగి మనమే పరుగెత్తాలి. నీ చేతికి అదెంతసేపు? కానియ్ అక్కా."

ఆయన అన్నది సబబే. ఆమె తెంపేసింది. రెండోసారి పెట్టేసరికి తవ్విన మట్టి మీదినుంచి గాలి వీచి కొస మీద దుమ్ము పడింది. అదీ పాడైంది. గొడుగు అడ్డం పెట్టుకుని మూడోసారి చేసింది. ఈసారి కుదిరింది. ఆయన మీటరు తీసేసి తీగ కొసను సామానుకు తగిలించాడు. ఊరికి ప్రాణం వచ్చింది.

వెంటనే ఆమె జేబులో ఫోను మోగింది.

పక్కింటి పిన్ని. "ఎప్పట్నుంచి చేస్తున్నానే తల్లీ... ఎవరికీ కలవదు. అంబులెన్సుకు కలవదు, నీకూ కలవదు. మందు పీల్పించాను, ఎంతకీ తగ్గలేదు. రోడ్డు మీదికి ఉరికి, ఎవరి బండో ఆపి తీసుకొచ్చానమ్మా..." ఎవరో ఫోను అందుకుని ఆసుపత్రి పేరు చెప్పి, తొందరగా రమ్మన్నారు. ఆ తొందరలో తొందర లేదని ఆమెకు అర్థమైపోయింది.

రెండో చెవిలో ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "శభాష్! సామాను మీద అన్ని దీపాలూ పచ్చగా వెలిగాయి. ఇక రా, అన్నం తిందాం. నాకు కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి."

"ఏమండీ," అంది ఆమె. "ఆసుపత్రికి రండి." చెవినుంచి పెట్టె లాగేసి బండెక్కింది.

అక్కడ డాక్టరును ఆయనే అడిగాడు. "ఇంకొంచెం ముందు తీసుకొచ్చి ఉంటే బతికేదాండి?"

డాక్టరు అబద్ధమాడే మనిషి కాదు. "చెప్పలేనండీ. బతికేదేమో. ముందు తెచ్చినా నిలవనివాళ్ళూ ఉన్నారు."

అవుననో కాదనో అని ఉంటే ఏడ్చి ఏదో ఒక ఒడ్డుకు చేరేవాళ్ళు. ఆ 'చెప్పలేను' వాళ్ళతోపాటు ఇంటికి వచ్చేసింది.

ఆ తర్వాత ఇద్దరూ ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. ఉప్పు అయిపోయింది, తలుపు వేశారా, అద్దె ఇంటాయన వచ్చి వెళ్ళాడు: ఇంట్లో ఇలాంటి మాటలే మిగిలాయి. పనిలో ఎంత నష్టం, ఏ తీగ, సరే. అంతకుమించి లేదు. ఆయన మళ్ళీ అక్కా అనలేదు. మేస్త్రీ నోటికి కూడా హాస్యం రాలేదు.

ఆయన లోపల ఒకటే రగిలేది. మళ్ళీ చెయ్యమని తను అనకుండా ఉంటే, మొదటి అతుకుతోనే తగిలించి ఉంటే, పిన్ని ఫోను కలిసేది. ఆమె లోపల ఇంకొకటి. మొదటి అతుకు తను సరిగ్గా వేసి ఉంటే ఆయన ఆ మాట అనాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆమె తనను తిడుతుందని ఆయన ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. తిట్టకపోవడంతో, తిట్టలేనంత కోపముందేమో అనుకున్నాడు. ఆయన తన ముఖంలోకి చూడడం మానేశాడని ఆమె గమనించింది. తన చేతులను చూడలేకపోతున్నాడు కాబోలు అనుకుంది. పిన్ని కొన్నాళ్ళు ఓర్చుకుని, వీళ్ళెదురైతే తల వంచుకోవలసి వస్తోందని వేరే పేటకు ఇల్లు మారిపోయింది.

పని మానేద్దామని ఆమె చాలాసార్లు అనుకుంది. కానీ తీగ తెగిందని కబురు రాగానే, ఏ ఇంట్లో ఎవరు ఫోను పట్టుకుని నిలబడ్డారో అన్న తలపు ఆమెను కూర్చోనిచ్చేది కాదు. అందరికన్నా ముందే పరుగెత్తేది.

పిచ్చుక ఈడు పిల్లలు పెద్ద చదువులకు వచ్చిన కాలానికి రెండో దారికి అనుమతి దొరికింది. ఇంజనీరుకు అప్పటికి జుట్టు నెరిసింది. కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకున్న అనుమతి అది. ఈ కేబుల్ పాత దారి ఛాయలకు పోకుండా వంతెన మీదుగా, ఊరికి అవతలి పక్కనుంచి వస్తుంది. ఒకటి తెగితే వెలుగులన్నీ రెప్పపాటులో రెండోదానికి మళ్ళుతాయి. అతుకులన్నీ తనే వేస్తానని ఆమె అడిగింది. ఇంజనీరు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

చివరి అతుకు వంతెన అవతల. చెవికి పెట్టె తగిలించుకుని, అతికి, కొలత కోసం ఆగింది.

"బాగుంది," అన్నాడాయన. ఆమె గుడ్డతో యంత్రం తుడిచేసినా ఆయన పెట్టె తీసేసిన చప్పుడు రాలేదు.

"ఉన్నారా?"

"ఉన్నాను." ఆయన మీటరు ఆపేశాడు. "ఆరోజు మళ్ళీ చెయ్యమన్నది నేనే."

ఆమె చేతిలోని గుడ్డ కింద పెట్టింది. "మొదటిది సరిగ్గా వెయ్యనిది నేను."

"ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట కూడా అనలేదు నువ్వు."

"అంటే మీరేమైపోతారోనని."

"అనకపోతే ఏమైపోయానో చూడలేదా?"

ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఈ మాటలు ఇద్దరి నోటా వచ్చేవి కావు. వంతెన మీద బండ్లు పోతూనే ఉన్నాయి. ఆయనకు పెట్టెలో ఏదో బుసబుసమని వినపడింది.

"అక్కడ గాలి ఎక్కువగా ఉందా?"

"గాలి కాదు," అంది ఆమె.

ఆయన కూడా ఏడుపు దాచుకోలేదు. ఎక్స్‌ఛేంజీ గదిలో మిగతావాళ్ళు లేచి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఇద్దరూ పిన్ని కొత్త ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. తలుపు తీసిన ముసలామె వీళ్ళను చూసి గోడ పట్టుకుంది. "నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు పిన్నీ," అని ఆయన అంటే, ఆ మాట ఇంకోసారి అనమని అడిగింది. చీకటి పడేదాకా ముగ్గురూ పిచ్చుక ముచ్చట్లే చెప్పుకున్నారు. అన్నేళ్ళ తర్వాత ఆ పేరు పైకి అనుకోవడం అదే మొదటిసారి. అలాగని ఇంటికొచ్చాక అన్నీ చక్కబడిపోలేదు. కొన్ని రోజులు మాట్లాడుకునేవారు, కొన్ని రోజులు ఇద్దరికీ చేతకాక ఊరుకునేవారు.

ఆ మరుసటి వేసవిలో, మురుగుకాలువ తవ్వుతూ పాత దారి కేబుల్‌ను మళ్ళీ తెంపేశారు. ఆమె కబురందిన వెంటనే బయల్దేరింది. దారి పొడుగునా చూసుకుంటూ వెళ్ళింది. బ్యాంకు ముందు వరుస కదులుతోంది. ఒకాయన బండి ఆపుకుని ఫోనులో ఎవరితోనో జోకులేస్తున్నాడు. ఒకావిడ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బట్టలు ఆరేస్తోంది.

గోతి దగ్గర పెట్టె తగిలించుకుని అడిగింది. "ఎవరైనా ఫోన్లు పోయాయన్నారా?"

"లేదు," అన్నాడాయన. "రెండో దారికి మళ్ళిపోయింది. ఊళ్ళో ఎవరికీ తెలియనే తెలియదు."

తీగ తెగినప్పుడు తొందరపడే అవసరం లేని అతుకు అదే మొదటిది. ఆమె నిదానంగా ఒలిచి, తుడిచి, కోసి పెట్టింది. మెరుపు మెరిసి కొసలు కలిశాయి. కొలత బాగుందని ఆయన చెప్పాడు. అయినా ఆమె లేవలేదు.

"ఈ రెండో దారి అప్పుడే ఉండి ఉంటే..." అంది.

"ఊఁ," అన్నాడాయన. ఆ మాట ఆయనకూ పొద్దుటినుంచి గొంతులోనే ఉంది.

కాసేపటికి ఎక్స్‌ఛేంజీనుంచి నడుచుకుంటూ ఆయనే గోతి దగ్గరికి వచ్చాడు. ఆమె ఇంకా మట్టి మీదే కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంటోంది. ఆయన గోతిలోకి దిగి పక్కన కూర్చున్నాడు. ఆ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళకంటిన మట్టి తన చొక్కా కొసతో తుడిచాడు. పైన తవ్వకంవాళ్ళు పని ఆపి కాసేపు చూసి, ఏం జరిగిందో తెలియక పక్కకు తప్పుకున్నారు.