సూదుల దిండులో ఎవరి జుట్టు?

ఆ రోజుల్లో ఏ పనిలో చేరినా ముందుగా ఒక అవమానాన్ని చేతికిచ్చి, దానికి శిక్షణ అని పేరు పెట్టేవారు. మా మేనత్త పుదుచ్చేరి బజారు వెనక వీధిలో, ఇంటి ముందుగదిలో మిషన్లు వేసుకుని రవికలు కుట్టించేది. అక్కడ చేరిన ప్రతి ఆడపిల్లా తన సూదుల దిండు తానే కుట్టుకోవాలి. అందులో దువ్వెనకు వచ్చిన తలవెంట్రుకలే కూరాలి. వానకాలమంతా గుచ్చి ఉంచిన సూది తుప్పు పట్టకుండా బయటికి వస్తేనే మిషను ముందు కూర్చోవాలి. (సముద్రపు గాలికి ఇనుము నిలవని ఊరు మాది. జుట్టుకు పట్టిన నూనె సూదిని కాపాడుతుందన్నది అత్త సిద్ధాంతం. దానితో నాకు తగవు లేదు.) నాన్నకు పని పోయిన ఆ ఏడు, మిషను ముందు కూర్చుంటేనే నాకు కూలి. అంతవరకు హుక్కులు కుట్టడం, మధ్యాహ్నం అన్నం, అంతే.

నా జడ చిటికెనవేలంత ఉండేది. "నీ తలలో ఉండేది రాలి దిండు నిండేలోపల నీకు మనవరాళ్ళు పుడతారే. నాలుగిళ్ళు అడుక్కో పో" అంది అత్త. అడిగాను. ఏ పనినైనా పద్ధతిగా చేయడం నా నియమం కనుక ఎవరింటి జుట్టు వారి పొట్లంలో కట్టి, పైన పేరు, తేదీ రాసి గూట్లో వరుసగా పెట్టాను. (నూనె జుట్టునూ పొడి జుట్టునూ వేరుచేయడానికి. ఇందులో తప్పేమిటో నాకు నేటికీ బోధపడలేదు.)

అంతలో, నాకు జుట్టిచ్చినవారిలో ఒకరైన మూలింటి పిన్నమ్మ కూతురికి జ్వరం తగిలింది. రవిక కోసం వచ్చిన పిన్నమ్మ కంట గూటిలోని పొట్లాలు పడ్డాయి. మా వీధివారు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం చాలామందికి రాదు. ఆ అక్షరాలు ఆమెకు మంత్రాల్లా కనిపించాయి.

"ఏందక్కా ఇది? జుట్టు కట్టి, దాని మింద రాత రాసి పెట్టుండారు. పాపకి జరం యాడ్నుంచి వచ్చిందో ఇప్పుడు గదా తెలిసింది."

"పేరు రాసినా పిన్నమ్మా, అంతే."

"పేరు రాసి చేతబడి చేసేదే గదే సూనియం."

సాయంత్రానికి వీధి వీధంతా వచ్చి, కుట్టకుండా ఉన్న గుడ్డలను వెనక్కి అడిగింది. అత్త వాదించలేదు. నా పొట్లాలన్నీ విప్పి, సగం నిండిన దిండును కత్తెరతో చీల్చి, మొత్తం గడప ముందు కుమ్మరించింది.

"ఎవురిది వాళ్ళు ఎత్తుకోండమ్మా."

నల్లవి, తెల్లవి, గోరింటాకు పెట్టినవి కలిసి ఒకే కుప్పగా పడ్డాయి. ఎవరూ వంగలేదు. చాలావరకు గాలి ఎత్తుకుపోయింది.

డాక్టరు మందుకు జ్వరం దిగింది. ఒక ఉదయం పిన్నమ్మ వచ్చి, నా ముఖం చూడకుండా పొట్లం ఉన్న చేయి చాచింది. "ఇందా. పాపదీ నాదీ. నూనె బాగా రాసి దువ్వినా." అది క్షమాపణ అని గదిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఒకసారి నింద పడిన మనిషి జాగ్రత్తపడడం న్యాయం కాదా? కాగితం, కలం ఆమె ముందుంచాను. "నీ ఇష్టంతో ఇచ్చినావని సంతకం పెట్టు పిన్నమ్మా."

"చూడక్కా, మళ్ళా రాతే" అంటూ ఆమె పొట్లంతో సహా వెళ్ళిపోయింది.

అత్త దారం కొరికింది. "జుట్టుకి సంతకం అడిగే నిన్ను మిషన్ ముందర కూసోబెడితే, రేపు రవికకి సాక్షిని పిలస్తావు" అంది. ఖాళీగా ఉన్న మిషను అరియాంకుప్పం నుంచి బస్సులో వచ్చే, పిడికిలంత జడ గల అమ్మాయికి దక్కింది. వానలు మొదలవకముందే నేనొక కొట్టులో లెక్కలు రాసే పనికి వెళ్ళాను. జీవితమంతా అదే పని అయింది.

ఇప్పుడు పుదుచ్చేరిలోనే, లాస్‌పేటలో ఉంటున్నాను. ఈ ఏడు నా కోసం ఒక సూదుల దిండు కుట్టుకున్నాను. ఈ వయసులో దువ్వెనకు వచ్చేదే సరిపోయింది. ఎవరి గడపా తొక్కనక్కర లేదు. నిన్న తొలివాన పడుతుండగా అందులో ఒక సూది గుచ్చాను. వానలు వెళ్ళాక దాన్ని తీసి చూసేదీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే. ఆ తీర్పు మీద మాత్రం నాకంత నమ్మకం లేదు.