నువ్వొస్తేనే వస్త

మొన్న ఆదివారం మా మేడ మీద కిరాయికి ఉండేవాళ్ళ అమ్మాయి, నర్సింగు రెండో ఏడు చదువుతున్న పిల్ల, చేతిలో ఫోను పట్టుకొని వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కొని కూర్చుంది. పని చేస్తూ చేస్తూ మనిషికి ఏమేం నైపుణ్యాలు అబ్బుతాయో, నర్సు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దావిడ ఎవరినైనా అడిగి రికార్డు చేసుకొని రమ్మన్నారట వాళ్ళ కాలేజీలో. "అమ్మమ్మా, అడివిల అన్నేండ్లు చేసినవ్ గద, నీకు ఏమేం స్కిల్స్ వచ్చినయో జర మంచిగ చెప్పు" అంది. వీధిలో పిల్లలందరికీ నేను అమ్మమ్మనే. సరే, మంచిగానే చెప్పాను. ఓపిక వచ్చిందన్నాను, వినడం వచ్చిందన్నాను, ఎదుటి మనిషి నోరు తెరవకముందే నొప్పి ఎక్కడుందో ముఖం చూసి పసిగట్టడం వచ్చిందన్నాను. పిల్ల సంతోషపడి నా ఫొటో కూడా తీసుకొని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాసేపు నా నోరంతా నేలవేము కషాయం తాగినట్టు చేదుగా ఉండిపోయింది. చదువుకునే పిల్లకు చెప్పి బెదరగొట్టకూడని సంగతులు కొన్ని ఉంటాయి. నా ఈడువాళ్ళు, ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఇంట్లో ఏమేం పోగొట్టుకున్నామో ఎరిగినవాళ్ళు మీరు, మీకైతే చెప్పుకోవచ్చు.

నాకు నర్సమ్మగా తొలి పోస్టింగు పర్ణశాల దాటి ఇంకా లోపలికి, అడవిలో, ఒక సబ్ సెంటరులో పడింది. సబ్ సెంటరంటే ఏదో భవనమనుకోకండి. ఒక రేకుల గది, ఒక బల్ల, ఒక మంచం, తలుపు సరిగ్గా మూతపడని బీరువా, అంతే. చుట్టూ కోయవాళ్ళ ఊళ్ళు. నేనేమో బోనకల్ పక్క మిరప చేలల్లో పెరిగినదాన్ని, అడవి అంటే భద్రాచలం దేవుడి దగ్గరికి పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప ఎరగను. కొత్తలో నా దగ్గరికి ఒక్క ఆడమనిషి రాలేదు. నేనే మందుల పెట్టె భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగి, దడి అవతల నిలబడి, ఎన్నో నెల, గోళీలు మింగుతున్నావా, కాన్పు ఎక్కడ అని ట్రైనింగులో నేర్పిన ప్రశ్నలన్నీ వరసగా అడిగేదాన్ని. వాళ్ళు నా మొహం చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకొని, లోపలికి పోయేవాళ్ళు. మా సెంటరు పక్కింట్లో ఉండే ముసలమ్మ, ఆ ఊరి మంత్రసాని, కొన్నాళ్ళు ఈ తమాషా చూసి చూసి ఒకనాడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆమెకు సంతలో నేర్చిన తెలుగు కొంచెం ఉంది. "పోలీసోని లెక్క నిలవడి అడిగితే ఎవలు చెప్తరే పిల్లా, కూసో" అంది.

అట్లా కూర్చోవడం నేర్చుకున్నాను. నవ్వకండి, అది నేర్చుకోవడానికే నాకు ఒక ఎండాకాలం పట్టింది. ఇప్పపువ్వు ఆరబోసిన వాకిట్లో వాళ్ళతో పాటు కూర్చొని పుల్లా పుడకా ఏరడం, చింతపండు పిక్కలు తీయడం, వాళ్ళ పిల్లల దగ్గర వాళ్ళ భాష ముక్కలు ముక్కలుగా పట్టుకోవడం, తప్పు పలికి అందరి చేతా నవ్వించుకోవడం, ఇదే నా ఉద్యోగమైంది. నవ్విన మనిషి భయపడదని అక్కడే తెలిసింది నాకు. పొద్దుగూకే వేళకు, నేను లేచి వెళ్ళబోతుంటే, ఏ కోడలో వెనకాలే వచ్చి తన కాళ్ళు వాస్తున్నాయని తనంతట తానే చెప్పేది. ఇవన్నీ ఆ మేడ మీది పిల్లకు చెప్పాను, చాలా ఇష్టపడింది.

నేను చేరకముందు ఆ ఊరినుంచి ఒకామెను కాన్పుకని పెద్ద దవాఖానకు తీసుకుపోతే శవమై తిరిగి వచ్చిందట. అప్పటినుంచి దవాఖాన పేరెత్తితే ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. నేను చేరిన మరుసటి ఏడు వానాకాలంలో ఒక పడుచుపిల్లకు, తొలిచూలు, నొప్పులు వచ్చాయి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మంత్రసాని ముసలమ్మే పొట్ట తడిమి చూసి, ఇక నా చేతిలో లేదన్నట్టు నా వైపు చూసింది. మొగుడు బతిమాలాడు, అత్త ఏడ్చింది, ఆ పిల్ల మాత్రం గుంజను కరుచుకొని కదలనంది. చివరికి నా మణికట్టు పట్టుకొని వాళ్ళ భాషలో ఒక మాట అంది. మన తెలుగులో చెప్పాలంటే, "నువ్వొస్తేనే వస్త." మంచానికి వాసాలు కట్టి నలుగురు మోస్తుంటే వాగు దాటి, అవతల ట్రాక్టరు పట్టుకొని, భద్రాచలం చేరేదాకా ఆమె నా చెయ్యి వదలలేదు. కాన్పు గదిలోకి నేనెందుకని అక్కడివాళ్ళు కసిరారు, నేను కదలలేదు, తిట్టించుకుంటూనే ఆమె వీపు రాస్తూ నిలబడ్డాను. తల్లీ బిడ్డా క్షేమంగా ఊరు చేరారు. ఇక ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ ఆడమనిషికి నొప్పులు వచ్చినా అదే మాట. నువ్వొస్తేనే వస్త. ఆ మాట వింటే నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే జాలేస్తుంది.

మా ఆయన, ఇప్పుడు లేరు, బొగ్గుబావిలో పని, షిఫ్టుల బతుకు. పెళ్ళయిన మూడో ఏట మాకు ఆడపిల్ల పుట్టింది. పిల్లను చంకనేసుకొనే ఊళ్ళు తిరిగేదాన్ని. దానికి రెండేళ్ళు నిండీ నిండకముందే అడవి జ్వరం తగిలి, ఒళ్ళు కాలిపోయి, కళ్ళు తేలేసింది. బతికి బయటపడింది గాని, ఇంకోసారి వస్తే దక్కదని డాక్టరు చెప్పాడు. మా ఆయన షిఫ్టుకు పోతే చూసేవాళ్ళు లేరు. బోనకల్‌లో మా అక్క ఉంది, ఆమెకు పిల్లలు లేరు. నాకు బదిలీ వచ్చేదాకా నీ దగ్గర ఉంచుకో అక్కా అని తీసుకుపోయి అప్పజెప్పాను. ఏడాదిలో వచ్చేస్తానని అనుకున్నాను.

నెలకోసారి వెళ్ళేదాన్ని, వాగు పొంగితే అదీ లేదు. నేను బస్సు దిగి నడిచి వస్తుంటే ఆ వాడలోవాళ్ళు నర్సమ్మ వచ్చింది, నర్సమ్మ వచ్చింది అని అభిమానంగానే అనేవాళ్ళు. అది విని నా కూతురు అక్క కొంగు చాటుకు పోయి దాక్కునేది. నర్సమ్మంటే సూది వేస్తుందని దాని భయం. ఎన్ని ఊళ్ళ ఆడవాళ్ళకు భయం పోగొట్టానో లెక్కలేదు గాని, ఆ కొంగు చాటునుంచి పిల్లను ఇవతలికి రప్పించడం నాకు చేతకాలేదు. అక్కను అది అమ్మా అనే పిలిచేది. పిలవద్దని అక్క చాలాసార్లు చెప్పి చూసింది పాపం.

బదిలీ కోసం నేను తిరగని రోజు లేదు. నా తర్వాత పక్క సెంటరుకు ఒకావిడ వచ్చింది. ఊళ్ళోకి పోయేది కాదు, ఎవరూ ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళూ కాదు, ఆమెవల్ల కాదని తేల్చి ఏడాది తిరక్కుండానే పట్నం పంపేశారు. ఆమెను తప్పు పట్టను. నా వంతు వచ్చేసరికి మా పెద్ద డాక్టరు గారు కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, చాలా మర్యాదగా మాట్లాడారు. "నువ్వు పోతే గా ఊర్లకెళ్ళి ఒక్క ఆడమనిషన్న దవాఖానకు వస్తదా అమ్మా, నువ్వే చెప్పు" అన్నారు. నేనేం చెప్పను? రాదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. పోనీ నాతో పాటు ఇంకో పిల్లను వేయండి, నాకు వచ్చిందంతా ఆమెకు నేర్పి పోతానన్నాను. చూద్దామన్నారు. ఆయన మారారు, తర్వాత వచ్చినాయనా అదే చాయ్ తెప్పించి అదే మాట అన్నారు. పని రాకపోతే ఇంటికి పంపుతారు, పని వస్తే అడవిలో కట్టేస్తారు, ఇదీ నా అనుభవం నాకు సంపాదించిపెట్టిన యోగ్యత. ఒక ఏడాది జెండా పండగనాడు స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. దాన్ని తీసుకుపోయి మా అమ్మాయికి ఇస్తే, అది తీసుకొని కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా కప్పింది. చాలా ఏళ్ళు అక్కడే ఉంది ఆ శాలువా.

నాకు ఖమ్మం బదిలీ వచ్చేసరికి అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నన్నూ అమ్మా అనే పిలిచేది, పిలవక తప్పనప్పుడు. నాతో గొడవపడిందీ లేదు, మొండికేసిందీ లేదు. బంధువుల ఇంటికి వచ్చినట్టు వచ్చి, తిన్న కంచం తానే కడిగిపెట్టి పోయేది. కోపగించుకున్నా బాగుండేది.

పోయిన ఏడాది దానికి తొలి కాన్పు. పురుడు పుట్టింట్లో పోయడం మన ఆనవాయితీ గదా, నేను ముందు గది ఖాళీ చేసి, సున్నం వేయించి, పాత నూలు చీరలు ఉడకబెట్టి చించి మడతలు పెట్టుకొని కూర్చున్నాను. అది బోనకల్ పోయింది. నాకు కబురు అక్కే చేసింది, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి. నొప్పులు మొదలయ్యాక ఖమ్మం దవాఖానకు తెచ్చారు, నేను వాళ్ళకంటే ముందే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు కాన్పు గదిలోకి సొంతమనిషిని ఒకరిని రానిస్తున్నారు. ఎవరొస్తారని అక్కడి సిస్టరు అడిగింది. నా కాళ్ళు వాటంతటవే ఒక అడుగు ముందుకు వేశాయి. మా అమ్మాయి అక్క చెయ్యి గట్టిగా పట్టుకొని, "అమ్మా, నువ్వొస్తేనే లోపలికి పోత" అంది.

నా చెవులు ఆ మాటను గుర్తుపట్టాయి. అది ఎట్లాంటి మాటో, ఏ భయంలోంచి వస్తుందో, ఎవరితో అంటారో నాకంటే ఎవరికి తెలుసు? అక్క కోడిని కోస్తే చూడలేని మనిషి, ఒక కాన్పు ఎరగదు. "నాకేం తెలుస్తదే చెల్లె, నువ్వు పో" అంది నాతో, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకొని. అమ్మాయి ముఖం చూశాను. ముఖం చూసి పసిగట్టడం నాకు ఉద్యోగం నేర్పిన విద్య. అక్కను పక్కకు పిలిచి, గబగబా నాకు వచ్చిందంతా చెప్పాను. నిలబడకు, దాని తల పక్కన కూర్చో. వీపు కింద నడుము దగ్గర అరచేత్తో గట్టిగా రాయి, పైపైన నిమరకు. ఏడిస్తే ఏడవద్దనకు. నీ భయం దానికి కనబడనీయకు. చెయ్యి అది వదిలితే వదలాలి గాని నువ్వు వదలకు. అక్క చిన్నపిల్లలా తలూపి లోపలికి పోయింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. చంటిపిల్ల ఏడుపు వినపడ్డప్పుడు నా ఒళ్ళో చేతులు ఖాళీగా ఉన్నాయి. అంతగా నేను ఎప్పుడూ ఏడవలేదు, ఎవరూ చూడలేదు లెండి.

మా సెంటరున్న ఊరికి ఇప్పుడు తారు రోడ్డు పడిందట, ఫోను కొడితే బండి వస్తుందట, ఆ ఊరి పిల్లే ఒకతి నర్సు చదివిందట. చాలా మంచి మాట, మనస్ఫూర్తిగా అంటున్నాను. ఎట్లా కూర్చోవాలో, ఎట్లా వినాలో ఇప్పుడు కాలేజీలోనే పాఠంగా చెబుతున్నారు. మేడ మీది పిల్ల నిన్న మళ్ళీ వచ్చి, నా మాటలు క్లాసులో అందరికీ వినిపించారని, చప్పట్లు కొట్టారని చెప్పింది. నాకు చప్పట్లు కొత్తేమీ కాదు.

మనవరాలికి ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి. అక్క నా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు అమ్మాయి ఫోను చేస్తుంది, వీడియోలో చంటిదానికి అక్కను చూపించి, అమ్మమ్మ, అమ్మమ్మ అని అనిపిస్తుంది. అక్క ఫోను నా వైపు తిప్పుతుంది. అమ్మాయి చంటిదాని చెయ్యి తానే పైకెత్తి ఊపుతూ, టాటా చెప్పు అంటుంది.