అప్పలసూరి ఎందుకు తీశాడో ఆ పుస్తకంలో లేదు

మా చిన్నప్పుడు... మా అమ్మకి ఒక తమ్ముడు ఉండేవాడు. పేరు అప్పలసూరి. మా ఇంట్లో కాదు, పుస్తకంలో ఉండేవాడు.

బహుమతి పుస్తకం అది. పిల్లల నవలల పోటీలో మొదటి బహుమతి వచ్చిందని అట్ట మీదే అచ్చేశారు. బడికి వచ్చిన పుస్తకాల్లోంచి మా తెలుగు మాస్టారు తీసి నా చేతిలో పెట్టారు. మా ఇంట్లోకి పాఠాల పుస్తకం కానిది రావడం అదే మొదలు...

అమ్మ పలాసలో జీడిబట్టీకి వెళ్ళేది. జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ జీడికి వేళ్ళు నల్లబడిపోయేవి. ఎంత తోమినా పోయేది కాదు ఆ నలుపు. పొద్దుగూకే వేళకి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటే, పక్కన కూర్చుని నేను చదివేవాణ్ణి. అమ్మకి చదువు రాదు. అట్ట మీద బొమ్మ కూడా దూరం నుంచే చూసేది.

"నా సేతులు తగిల్తే మరకైపోతాది... నువ్వే తిప్పు."

కథేంటంటే, పట్నం పిల్లలు వేసవి సెలవులకి సముద్రం ఒడ్డున ఒక బంగళాకి వస్తారు. అందరూ రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. "ఆహా, ఎంత మనోహరమైన దృశ్యం!" అంటాడు మీసం రాని కుర్రాడు. అమ్మ వంకాయలు తరుగుతూ ఊ కొట్టేది, అంతే.

అప్పుడొచ్చాడు బంగళా కాపలావాడు అప్పలసూరి. వస్తూనే నోరు తెరిచి, "ఏటి బాబూ, నీల్లు కావాలేటి?" అన్నాడు.

అమ్మ కత్తిపీట మీంచి తలెత్తింది.

"ఒరే... మల్లీ సదువు."

చదివాను.

"మనోడేరా! పుస్తకంలోకి ఎలాగెల్లిపోనాడు?"

ఆ రోజు నుంచి ఆ పిల్లలు గుహ కనిపెట్టినా, పడవెక్కినా అమ్మకి పట్టేది కాదు. "ఆల సంగతి తరవాత. మనోడేటి సేసినాడో సెప్పు" అనేది. పక్కింటి నూకాలత్త గోడ మీంచి ఎక్కిరించేది.

"ఏటే పారోతీ, నీ తమ్ముడు ఈ పూట గంజి తాగినాడా?"

"నా తమ్ముడికేటే, బంగారం! నీ మొగుడిలాగ తాగొచ్చి తొంగుంటాడేటి?"

నాకూ లోపల ఎంత గర్వంగా ఉండేదో... బళ్ళో 'ఏటి' అంటే 'ఏమిటి అనాలి' అని చెంప మీద ఒకటి పడేది. అదే మాట అచ్చులో ఉంది. దానికి బహుమతి కూడా వచ్చింది!

చివరి భాగంలో ఆ పిల్లల్లో పెద్దబాబు దూరదర్శిని పోయింది. బహుమతి పుస్తకం కదా, బైనాక్యులర్స్ అనరు. పిల్లలు జాడలు పట్టి దొంగని కనిపెట్టేశారు. తీసింది అప్పలసూరి. "తప్పయిపోనాది బాబూ, ఒగ్గియ్యండి" అని కాళ్ళ మీద పడ్డాడు. పోలీసులు పట్టుకుపోయారు. పిల్లలకి పతకాలిచ్చారు. సమాప్తం.

పొయ్యి మీద అన్నం పొంగిపోతోంది. అమ్మ చూసుకోలేదు.

"ఎందుకు తీసినాడో సెప్పనేదేటి?"

"లేదమ్మా."

"పేజీ సిరిగిపోనాదేటో... సరిగ్గా సూడు."

చూశాను. అంకెలన్నీ వరసగానే ఉన్నాయి. అమ్మ నమ్మలేదు. "మేస్టార్ని అడుగు. ఆయనకి తెలుస్తాది."

అడిగాను. మాస్టారు పకపకా నవ్వారు. "దొంగకి కారణమేంట్రా? వాడు దొంగ, అంతే!"

ఇంటికొచ్చి అదే చెప్పాను. అమ్మ తన నల్లటి వేళ్ళ వైపు చూసుకుంది.

"మరైతే... మనలాగెందుకు మాటాడినాడు?"

 

తర్వాత బళ్ళో మీటింగుకి వచ్చినప్పుడు అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. గోడ మీంచి అరిస్తే వీధంతా వినపడే మనిషి! "నువ్వే సెప్పు బాబూ, నాకు మాట రాదు" అంది. ఆ తర్వాత బ్యాంకులోనూ అంతే. ఆసుపత్రిలోనూ అంతే. నొప్పెక్కడమ్మా అని డాక్టరు అడిగితే నా మొహం చూస్తుంది. నొప్పి ఆమెది, మాట నాది.

నేను టెన్తుతో ఆగిపోయాను. గరివిడి ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పని. అయినా బహుమతి వచ్చిన పిల్లల పుస్తకం ఎక్కడ కనపడినా వదల్లేదు. చదవడమంటే మరేం లేదు, వెతకడమే. మా మాట ఎవడి నోట్లో పెట్టారా అని. పనిమనిషి నోట్లో. తాగుబోతు నోట్లో. కాసేపు నవ్వించి పోయేవాడి నోట్లో. ఆ పుస్తకాల్లో చిలకలు కూడా మంచి తెలుగు మాట్లాడతాయి సార్... మా అమ్మకంటే చిలక నయం!

రాసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. మా మాట ఇంకెవరి నోట్లోనైనా పెట్టొచ్చని తట్టలేదు వాళ్ళకి. బహుమతులిచ్చినవాళ్ళకీ తట్టలేదు. నాకు మండేది అక్కడే.

మొన్న ఆదివారం మా అక్క కూతురు వచ్చింది. శ్రీకాకుళంలో ఇంగ్లీషు మీడియం. చేతిలో కొత్త తెలుగు నవల, అట్ట మీద పురస్కారం ముద్ర. అరుగు మీద కూర్చుని పైకి చదువుతోంది. అందులో ఒక ఆటోవాడు వచ్చాడు. "ఏటి బాబూ, ఎక్కడికెల్తారు?" అన్నాడు. పిల్ల గొంతు మార్చి, మూతి వంకర తిప్పి చదివింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ పిల్లనేం అంటాను? అలా చదవాలనే కదా అలా రాశారు.

నేను అమ్మ వైపు చూశాను.

అమ్మ కూడా నవ్వింది... చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. మనోడేరా అనలేదు. ఆ ఆటోవాడు తరవాతేటైనాడని కూడా అడగలేదు.

మీరూ చిన్నప్పుడు బహుమతి పుస్తకాలు చదివే ఉంటారు. కింద రాయండి... వాటిలో మీ అమ్మలా మాట్లాడినవాడు ఎవడు? చివరికి వాణ్ణి ఏం చేశారు?