శ్రీ ఉండే అర

జగ్గయ్యపేటలో నేను పనిచేసిన అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కంపోజిటర్లం ఇద్దరమే. నేను, మా మేనత్త కొడుకు. వాడు నాకంటే చిన్నవాడు. పెనుగంచిప్రోలు నుంచి తీసుకొచ్చి, యజమానిని బతిమాలి పనిలో పెట్టించింది నేనే. ఈ సంగతి ముందే చెబుతున్నా, ఎందుకంటే ఆ తర్వాత ఎవరూ తలుచుకోలేదు.

యాభైల చివర్లో సంగతి. పెళ్లిళ్ల రోజులొస్తే మా ఊరి శుభలేఖలన్నీ బెజవాడ పోయేవి, మా దగ్గర ఆలస్యమని. "ఉన్న మనుషులతోనే పని తొందరగా తెమిలే ఉపాయం చూడండయ్యా" అన్నాడు యజమాని. చెయ్యి ఇంకా చురుగ్గా ఆడించాలన్నాడు మావాడు. నేను మాత్రం వాడు పనిచేస్తుంటే ఊరికే నిలబడి చూశా. చెయ్యి బాగానే ఆడుతోంది. ఆలస్యమంతా నడకలో ఉంది. సీసపు అక్షరాలు పోసిన చెక్క అరలు గోడ పొడవునా, బళ్లో నేర్చుకున్న వరుసలో ఉండేవి. శుభలేఖకు ముందుగా కావలసిన శ్రీ ఎక్కడో ఆ చివర.

శుభలేఖకు కావలసినవన్నీ దగ్గరికి మార్చా. మర్నాడు మిరపకాయల వ్యాపారి కరపత్రం వచ్చింది. దానికి కావలసిన అక్షరాలు దూరమై, పని మునుపటికంటే ఆలస్యమైంది.

"అక్షరమాలే తిరగరాస్తున్నావా బావా? పంతులుగారు చూస్తే గోడకుర్చీ వేయిస్తారు" అని నవ్వాడు మావాడు.

"నవ్వరా, నవ్వు. రేపు నీకే పనికొస్తుంది" అన్నా. నా నోటితో నేనే అన్నా.

తప్పెక్కడుందో ఆలోచించా. ఏ అక్షరం ఎక్కువ కావాలో నేను ఊహించి పెట్టాను గాని చూసి పెట్టలేదు. అప్పట్నుంచీ ఏ పని పడినా, ముందుగా ఏ అర ఖాళీ అవుతోందో కనిపెడుతూ వచ్చా. శుభలేఖైనా, కరపత్రమైనా, కోర్టు నోటీసైనా ముందు ఖాళీ అయ్యేవి చాలావరకు అవే అరలు. వాటిని చేతికందే చోటుకు తెచ్చా. శ్రీని కుడిచేతి కిందే పెట్టా. ఋ, ఱ లాంటివి గోడ చివరికి పోయాయి. ఆదివారాలు ఇద్దరం కూర్చుని అక్షరాలు మార్చి పోశాం. ఏ అర ఎందుకక్కడ ఉందో వాడికి విడమర్చి చెప్పా. పరాయివాడా ఏమన్నానా?

కొన్నాళ్లకు మధ్యాహ్నానికే పని తెమిలిపోయేది. బెజవాడ పోయే శుభలేఖలు మాకే రాసాగాయి. ఒకరోజు యజమాని మా ఇద్దరి దగ్గరికీ వచ్చాడు. శభాష్ అంటాడనుకున్నా. మావాడి వైపు తిరిగి, "ఈ పద్ధతి నీకూ వచ్చు గదా? ఒక్కడివే నెట్టుకొస్తావా?" అన్నాడు.

వాడు నా మొహం చూడలేదు. "నెట్టుకొస్తానండి" అన్నాడు.

"నన్నెందుకు తీసేస్తున్నారండి?" అని అడిగా.

"అదిగో, ప్రతిదానికీ ఎందుకంటావు. వాడు అడగడు."

ఎందుకని అడిగినందుకే గదా ఆయన శుభలేఖలు ఆయనకు తిరిగొచ్చింది!

నందిగామలో ఇంకో అచ్చాఫీసులో చేరా. అక్కడ అరలు పాత వరుసలోనే ఉన్నాయి. నా చెయ్యి మాత్రం నేను కట్టిన వరుసకే అలవాటు పడిపోయింది. శ్రీ కోసం పోయి ఇంకేదో పట్టుకొచ్చేది. "జగ్గయ్యపేటలో ఇన్నాళ్లూ ఏం నేర్చుకున్నావయ్యా?" అని నలుగురిలో అడిగాడు ఆ యజమాని. అరలు మారుద్దామంటే వచ్చీ రాకముందే పెత్తనమా అన్నాడు. ఆ తర్వాత అక్కడ నేను నోరెత్తలేదు.

చాలా ఏళ్లకు జగ్గయ్యపేటలో పనిబడి, ఆ అచ్చాఫీసు ముందు నుంచే వెళ్లాల్సొచ్చింది. మావాడు అరల వంక చూడకుండా, నందిగామలో మా కుర్రాళ్లలా అటూ ఇటూ నడవకుండా, నిలబడ్డచోటే అక్షరాలు ఏరుతున్నాడు. నన్ను చూసి గుమ్మంలోకొచ్చాడు.

"రా బావా, టీ తెప్పిస్తా. ఇంకా అదే కోపమా? ఒక్క అర కూడా కదపలేదు చూడు, నువ్వు పెట్టినట్టే ఉన్నాయి."

లోపలికెళ్లా. వాడి మొహమే చూస్తూ చెయ్యి చాపా. తడుముకోకుండా శ్రీ చేతికొచ్చింది. నందిగామలో ఇన్నేళ్లూ తడబడ్డ చెయ్యి అది. అక్షరాన్ని దాని అరలోనే వేసి, టీ తాగకుండా బస్సెక్కా.