సామ్యేలు మాస్టారి జీడిపప్పు ముక్క

మొన్న మా స్టాఫ్ రూములో మాడుగుల హల్వా డబ్బా తెరిచారు. నెయ్యి వాసన బల్ల ఈ చివరిదాకా వచ్చింది. నేను తలెత్తలేదు, దిద్దుతున్న పేపర్లే దిద్దుకుంటూ కూర్చున్నాను. ఆ హల్వా తెచ్చింది దివ్య. నాకన్నా అయిదేళ్ళు చిన్నది, నా తర్వాత ఈ బడిలో చేరింది, ఆ ఉదయమే వైస్ ప్రిన్సిపాల్ అయింది. ఆ కుర్చీ నాదేనని రెండేళ్ళుగా నేను అనుకుంటున్నాను. కడుపు మండిపోతోందని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఇది నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బే. ఆ జబ్బుతో ఎలా బతకాలో నేర్పినాయన సామ్యేలు మాస్టారు. ఆయనదీ మాడుగులే.

ఆయన అనకాపల్లిలో మా బడి డ్రిల్లు మాస్టారు. నల్లగా, పొట్టిగా ఉండేవారు. మెడలో విజిల్ ఉండేది కానీ ఊదగా నేను చూసింది తక్కువ. చప్పట్లు కొట్టి పిలిచేవారు. సిమెంటు కోర్టులో ఆడపిల్లలం అయిదుగురం బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళం. ఆరో మనిషి లేదు. సొంత ఊరు వెళ్ళినప్పుడల్లా ఆయన హల్వా తెచ్చి, కాగితం మీద పెట్టి చాకుతో అయిదు ముక్కలు కోసేవారు. పైన జీడిపప్పు ఒత్తుగా ఉన్న ముక్క ఒకటుండేది. అది ఎక్కువ బుట్టలు వేసిన పిల్లకి కాదు, ఆ వారం మంచి పాసు ఇచ్చిన పిల్లకి. బంతిని అవతలి రింగుదాకా తెచ్చేదాన్ని, ఆట నడిపేదాన్ని నేనే కాబట్టి ఆ ముక్క ఎప్పుడూ నాదే. తక్కినవాళ్ళ ముందు దాన్ని కాస్త నెమ్మదిగా, చూపించుకుంటూ తినేదాన్ని.

ఏటా వేసవిలో మా ఊళ్ళో చుట్టుపక్కల జట్లకి పోటీలు జరిగేవి. మూడేళ్ళు వరసగా సెమీఫైనల్లో ఒకే జట్టు చేతిలో ఓడాం. ఆ పిల్లలు మాకన్నా జానెడు పొడుగు. రెండు వేల అయిదులో, అంటే మేం పది పూర్తిచేసిన వేసవిలో, మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. నాతవరంలో కొత్త జట్టు కడుతున్నారట. వాళ్ళకి పొడుగుపిల్ల ఉంది, బంతి నడిపే పిల్ల లేదు. మా అయిదుగురిలో నా తర్వాత బంతి బాగా నడిపే రోజీనిస్తే ఆ పొడుగుపిల్లని ఇస్తామన్నారట.

"లిల్లీ, నువ్వు కెప్టెన్‌వి. సెప్పు. ఉన్నోళ్ళతోటే ఆడదామా, మార్సుకుందామా?"

"మేం అయిదుగురం చాలు మాస్టారూ. ఆరో తరగతి నుంచీ కలిసి ఆడుతున్నాం."

"కలిసే ఓడతన్నాం గదా అమ్మా. రింగు దగ్గర బంతి ఒక్కటైనా మనకి దొరుకుతందేటి?"

"రోజీ ఏడుస్తుంది."

"అడిగేను. ఎల్తానంది. అక్కడైతే బంతి నానే తెత్తాను మాస్టారూ అని ఎగిరి గంతేసింది."

రోజీ అమ్మమ్మ ఊరు నాతవరం. పొడుగుపిల్ల సుగుణ పిన్ని ఇల్లు మా ఊళ్ళోనే. సెలవులు కాబట్టి ఇద్దరికీ ఉండడానికి చోటుంది. అంత సులువుగా మార్పు జరిగిపోయింది. స్నేహితురాలు పోయిందని నేను ఏడుస్తున్నానని ఇంట్లో అనుకున్నారు. నిజానికి రోజీ నా నీడలోంచి అంత సంతోషంగా వెళ్ళిపోయినందుకు, ఎవరో కొత్తది వస్తున్నందుకు ఏడ్చాను. ఇద్దరిమీదా ఒకేసారి కుళ్ళుకున్నాను.

సుగుణ చెరకు పండించే ఇంటి పిల్ల. ఎండకి కమిలిన పొడుగాటి చేతులు, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడేది. మంచిదై ఉండకపోతే నాకు ఎంతో తేలికగా ఉండేది. వచ్చిన రెండో వారమే మాస్టారు హల్వా కోసి, జీడిపప్పు ముక్క దాని చేతిలో పెట్టారు. రింగు కింద దొరికిన బంతిని తను వేసెయ్యకుండా, ఖాళీగా ఉన్న పిల్లకి ఇచ్చిందట. నేను చూడనే లేదు. నా ముక్క కాగితంలోనే వదిలేసి కడుపులో బాగోలేదన్నాను.

మర్నాటినుంచి నా పాసులు దాని మోకాళ్ళ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాయి. పొడుగు మనిషికి అక్కడ బంతి అందుకోవడం కష్టం. చూసేవాళ్ళకి మాత్రం నేను ఇచ్చినట్టే, అది వదిలేసినట్టే ఉంటుంది. "అక్కా, వంగితే నడుం పట్టేత్తంది. కూసింత పైకిత్తావా?" అని అది అమాయకంగా అడిగేది. అలాగేనని తలూపి, మళ్ళీ మోకాళ్ళకే ఇచ్చేదాన్ని.

సెమీఫైనల్లో మళ్ళీ ఆ జట్టే ఎదురైంది. సగం ఆట అయ్యేసరికి ఆరు పాయింట్లు వెనకబడ్డాం. మాస్టారు నన్ను నీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఆ పిల్ల మోకాళ్ళకి ఎందుకిసుర్తన్నావు?"

"చెమటకి జారిపోతోంది మాస్టారూ."

"నీ సేతులు నాకు తెలీవేటి? రోజీకిచ్చినప్పుడు జారలేదు గదా."

ఇక దాచలేకపోయాను. "నాకది అంటే పడదు" అని ఏడ్చేశాను. తిడతారనుకున్నాను. ఆయన గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చారు.

"పడకపోతే పడకపోనీ. కుళ్ళు నీ కాడే ఉండనీ, దాన్ని తీసీమని ఎవులూ అడగలేదు. బంతి మాత్రం గుండెలెత్తున ఇయ్యి."

ఇచ్చాను. పళ్ళు బిగించి ఇచ్చాను. ఒక్కొక్క బుట్టా పడుతుంటే తేడా తగ్గుతూ వచ్చింది. చివరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనక ఉన్నాం, బంతి నా చేతిలో ఉంది. నేనే వేసెయ్యవచ్చు. రింగు కింద సుగుణ ఒంటరిగా, చేతులు చాపి నిలబడి ఉంది. సరిగ్గా గుండెలెత్తున ఇచ్చాను. అది ఎగిరి వేసింది. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి బయటికి పడింది. ఆట అయిపోయింది.

ఆ క్షణంలో నాకు సంతోషం వేసింది. జట్టు ఓడిపోయి, అదే మా చివరి పోటీ అయి, అందరూ ఏడుస్తుంటే నా లోపల హాయిగా ఉంది.

బయట మాస్టారి స్నేహితుడొకాయన ఎదురొచ్చి, "ఉన్న అయిదుగుర్నీ ఉంచుకుంటే ఈ గతి పట్టేదా బావా?" అన్నాడు.

"ఆ అయిదుగురితోటి ఒక్క పాయింటు దాకా ఎప్పుడైనా వచ్చేమేటి బావా? పదేసి తేడాతో గదా ఓడిపోయేవోళ్ళం" అన్నారు మాస్టారు.

తర్వాత, గెలిస్తే తిందామని తెచ్చిన హల్వాని అక్కడే మెట్లమీద కోసి, జీడిపప్పు ముక్క నాకిచ్చారు. "అంత మంచి పాసు నాకు ఎవులూ ఇవ్వలేదక్కా" అంది సుగుణ ముక్కు తుడుచుకుంటూ. ముక్క చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. అందరూ వెళ్ళాక మాస్టారికి చెప్పేశాను.

"అది మిస్సయితే నాకు సంతోషమేసింది మాస్టారూ."

"తెలుసు. మొకం మీదే ఉంది."

"మరి ఇది నాకెందుకిచ్చారు?"

"పాసు ముందిచ్చేవు. కుళ్ళు తరవాతొచ్చింది. అదే సాలు. తిను."

మాస్టారు పోయి ఆరేళ్ళయింది. మంచి మనసు పెంచుకోమని ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పరీక్షలో నేను ఎప్పటికీ పాసయ్యేదాన్ని కాను.

మొన్న దివ్య డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మేడమ్, పదో తరగతి లెక్కలు ఈ ఏడు నేను కూడా చెప్పాలట. మీ ప్రశ్నల పుస్తకం ఒక్కసారి చూడనిస్తారా?" అంది. పన్నెండేళ్ళుగా నేను సొంతంగా తయారుచేసుకున్న పుస్తకం అది. ఇంట్లో మరిచిపోయానని నోటిదాకా వచ్చింది. లేచి బీరువా తెరిచాను. పుస్తకం తీసి, రెండు చేతులా పట్టుకుని, దివ్యకి గుండెలెత్తున అందించాను. ఆ తర్వాతే డబ్బాలో చెయ్యి పెట్టి, వెతికి మరీ, జీడిపప్పు ఎక్కువున్న ముక్క తీసుకున్నాను. అది నములుతూ, కొత్త కుర్చీ వైపు నడిచి వెళుతున్న దివ్యని చూస్తూ, తనివితీరా కుళ్ళుకున్నాను.