గొట్టానికి ఆన్చిన చెవి

"షావలి మామా, మురుక్కాలవ తవ్వేటప్పుడు నీళ్ళ గొట్టం పగిలిందేమో! మురుగు కలిస్తే నా బిడ్డ గతేంది?" అంది కౌసర్, చంకలో ఏడాది పిల్లతో. ముత్తుకూరు దారిలోని ఆ కొత్త కాలనీకి పంచాయతీ నీళ్ళు వదిలేది షావలి. అతను వాల్వు తిప్పే ఇనుపకడ్డీని గొట్టం మీద నిలిపి, పైకొసకు చెవి ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ కుడి చెవే. ఎడమది మోటారు హోరుకి ఎప్పుడో పోయింది. ఈలోగా కౌసర్ అప్పుడే పట్టిన బిందెలో టీడీఎస్ మీటరు ముంచింది.

"మూడొందలు కూడా దాటలా. మంచివే కదా మామా?"

"అది ఉప్పు సంగతి చెప్పుద్ది తల్లీ, మురుగు సంగతి చెప్పదు. ఈడ గొట్టం బుసబుసమంటా ఉంది, పగిలినట్టే," అంటూ అతను వాల్వు కట్టేశాడు. కెమిస్ట్రీ చదివిన కౌసర్‌కు అది తెలియనిది కాదు, భయంలో మరిచిపోయింది. "అతుకేసినాక కూడా మూడు దినాలు బిడ్డకు కాచిన నీళ్ళే పట్టు," అన్నాడు షావలి.

ఇప్పుడు వీధిలో ఎక్కడ గడ్డపార చప్పుడైనా, కౌసర్ ముందు పొయ్యి వెలిగిస్తుంది.